తాడు లేని రెండు నిమిషాలు

మా అక్కను మా వీధిలో అందరూ కత్తెరక్క అంటారు. బట్టలు కుడుతుందనుకునేరు, కాదు. కుక్కలకు క్షవరం చేస్తుంది. ఈ మాట చెప్పగానే నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి. అలా నవ్వినవాళ్లలో ఒక్కరైనా నడుమెత్తు పూడిల్ కుక్కను బల్ల మీద నిలబెట్టి, దాని కాలి మడమ దగ్గర జుట్టును నిమ్మకాయంత గుండ్రంగా కత్తిరించి చూపిస్తే అప్పుడు నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను.

నేను అక్కకంటే ఆరేళ్లు చిన్నదాన్ని. కోర్టు వెనక సందులో టైపు, జిరాక్స్ కొట్టు నాది, ఉండేది అక్కాబావల ఇంట్లోనే. అర్జీలూ ఫిర్యాదులూ రాసీ రాసీ నా నోటికి పదునెక్కిందని మా బావ అంటుంటాడు. అక్క అలా కాదు. ఎవరైనా కాలు తొక్కితే తన కాలే అడ్డమొచ్చిందేమోనని పక్కకు జరిగే రకం. అలాంటి మనిషి రెండేళ్లపాటు ఒకాయన మీద పగ పట్టింది. ఆ పగ చల్లారకుండా ఊదుతూ కూర్చున్నది నేను. దాచడానికేముంది, ఇప్పటికీ ఆయన మాట వస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన్ని మేం కప్పులాయన అనేవాళ్లం. కుక్కల ప్రదర్శనల్లో గెలిచిన కప్పులు ఆయన ముందుగదిలో గోడ నిండా ఉంటాయి. వచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వకుండా ముందు ఆ గోడ చూపిస్తాడు. ఒకప్పుడు అక్క ఆడవాళ్ల బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది. కప్పులాయన భార్యకు ఒంట్లో బాగాలేక, జుట్టు కత్తిరించడానికి వాళ్లింటికి వెళ్లింది. అక్కడ మూల ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. చెవుల వెనక జుట్టు గడ్డలు కట్టిపోయింది. గొరిగేయడమే దారి అని డాక్టరు చెప్పాడట. భార్యగారి పని పది నిమిషాల్లో ముగించి, అక్క ఆ కుక్క పక్కన నేల మీద కూర్చుని మూడు గంటలసేపు ఒక్కొక్క ముడీ వేళ్లతో విప్పింది. కుక్క మధ్యలో నిద్రపోయింది కూడా. గుమ్మంలో నిలబడి అదంతా చూసిన కప్పులాయన, "రేపట్నుంచి ఇక్కడికే వచ్చెయ్యమ్మా" అన్నాడు. అలా పదకొండేళ్లు.

ఆ పదకొండేళ్లలో మా అక్క కత్తిరించడమే కాదు, కుక్కను రింగులో నడిపించడమూ నేర్చుకుంది. రింగంటే ఏం లేదు, తివాచీ పరిచి చుట్టూ చిన్న కంచె కట్టిన చోటు. జడ్జి వచ్చి పళ్లూ, వీపూ, కాళ్లూ చూసేదాకా కుక్క బొమ్మలా నిలబడాలి. దాని చూపు తిప్పకుండా ఉంచడానికి నడిపించేవాళ్లు ఉడికించిన లివర్ ముక్క బుగ్గలో పెట్టుకుంటారు. చేతులు ఖాళీగా ఉండాలి కదా మరి. ఈ సంగతి తెలిసిన రోజు మా బావ కంచం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆరు నెలలు అక్కడే తిన్నాడు. "పెళ్లాం బుగ్గ మీద ముద్దు పెట్టాలన్నా ముందు కుక్క పర్మిషన్ తీసుకోవాలి నేను" అనేవాడు. వ్యాను తోలే మనిషి, దారి పొడవునా ఒక్కడే కాబట్టి ఇంటికొచ్చాక మాటలన్నీ మా మీద గుమ్మరిస్తాడు.

ఇక దూది సంగతి. కప్పులాయన ఇంట్లో పుట్టిన పూడిల్ పిల్ల. అది పుట్టిన నాలుగో రోజుకే తల్లి చచ్చిపోయింది. కళ్లు కూడా తెరవని పిల్ల, అరచేతిలో ఇమిడిపోయేది. అక్క దాన్ని మా ఇంటికి తెచ్చి, రెండు గంటలకోసారి సీసాతో పాలు పట్టి, వేడినీళ్ల సంచి పక్కన పడుకోబెట్టి బతికించింది. అక్కకు పిల్లల్లేరు. ఆ మాట దానికీ దీనికీ ముడిపెట్టి ఎవరైనా అంటే నేను ఊరుకోను, కానీ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ నెలా రెండు నెలలు అక్క మొహంలో వెలుగే వేరు. తెల్లగా ఉందని దూది అని పేరు పెట్టింది కూడా తనే.

ఆరో వారంలో దాన్ని వంటింటి బల్ల ఎక్కించింది. నాలుగు కాళ్లూ నాలుగు మూలలకు సరిచేసి, గడ్డం కింద వేలు పెట్టి, మెల్లగా అంకెలు లెక్కపెట్టేది. పది దాకా కదలకపోతే ఓ లివర్ ముక్క. తర్వాత ఇరవై, తర్వాత యాభై. దూది బల్ల చూస్తే చాలు గంతులేసేది. ఎక్కించమని కాళ్లకు చుట్టుకునేది. "చూశావా, వీడికెంత సరదానో" అని అక్క మురిసిపోయేది. నాకూ అలాగే అనిపించింది. అబద్ధమెందుకు, ఆ రోజుల్లో ఆ పిల్లకు అది ఆటే.

ఏడాది తిరగకుండా దూది పెద్ద కప్పు గెలిచింది. అంతే, కప్పులాయన ఆగలేదు. నెలకు మూడు ప్రదర్శనలు. ఊరినుంచి ఊరికి బోనులో ప్రయాణం, దిగగానే స్నానం, గంటన్నర డ్రయ్యర్ గాలి, పౌడర్, దువ్వెన, మళ్లీ బోను. అప్పట్నుంచే అక్క ఇంటికొచ్చి చెప్పేది. వాడు పెదాలు నాక్కుంటున్నాడే, ఊరికే ఆవలిస్తున్నాడే, బల్ల దగ్గరికి తీసుకెళ్తుంటే చెవులు వెనక్కి పడుతున్నాయే అని. నిద్రొచ్చి ఆవలించే కుక్క వేరు, బెదిరి ఆవలించే కుక్క వేరు, అది అక్కకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. పోనీ మానేయకూడదా అని నేనంటే, నేను మానేస్తే వాణ్ణి ఎవరు చూస్తారు అనేది.

ఒకరోజు కప్పులాయన ఇంటికి పత్రికనుంచి ఒకావిడ వచ్చింది. దూది బల్ల మీద ఉంది, అక్క దువ్వుతోంది. "కుక్కలకు ఈ ప్రదర్శనలంటే ఇష్టమేనంటారా?" అని ఆవిడ అడిగింది. "ఇష్టమేంటండీ, ప్రాణం. చూడండి ఎలా నవ్వుతున్నాడో" అన్నాడు కప్పులాయన. మా అక్క, పదకొండేళ్లలో అడిగితే తప్ప నోరు విప్పని మా అక్క, దువ్వెన ఆపకుండానే, "అది నవ్వు కాదండీ. రొప్పుతున్నాడు. వీడికి ఇప్పుడు దిగి వెళ్లిపోవాలని ఉంది" అంది.

కప్పులాయన అప్పుడు పెద్దగా నవ్వేశాడు. మా కత్తెరక్కకు కుక్కల భాష వచ్చులెండి అన్నాడు. వారం తిరక్కముందే దూది చెవి కొస తెగింది. అక్క రాకముందు పొద్దున్నే తొందరపడి జుట్టు కత్తిరించే మిషను పెట్టింది ఆయనే. ఆ సంగతి ఆయన భార్యే అక్కకు ఫోన్ చేసి చెప్పింది, ఎవరితోనూ అనొద్దని ఒట్టు వేయించుకుని మరీ. ఆయన మాత్రం అక్క కోసిందన్నాడు. ఇంట్లోంచి పొమ్మన్నాడు. అక్కడితో ఆగినా సరే అనుకుందుం. ఊళ్లో కుక్కల పని చేసే ప్రతి షాపుకూ కబురు పంపాడు, ఈమె చెయ్యి వణుకుతోంది, కత్తెర ఇవ్వకండి అని. అక్క ఆ ఒట్టు నిలబెట్టుకుంది. నేనైతే ఆ సాయంత్రానికే ఆయనింటి ముందు మైకు పెట్టి ఉండేదాన్ని.

రెండేళ్లు అక్క లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టింది. కత్తెరలు గుడ్డలో చుట్టి బీరువా కింద అరలో పెట్టేసింది. దూది గెలిచిన ఫోటో పేపర్లో వచ్చినప్పుడల్లా దగ్గరగా పెట్టుకుని చెవులు చూసేది, కాళ్లు చూసేది. "వెనక కాలు ఇంకా నేను పెట్టినట్టే పెడుతున్నాడే" అనేది. ఒకసారి అడిగాను, నీకసలు ఏం కావాలే అని. ఆలోచించకుండా చెప్పింది. "నలుగురి ముందూ ఆయన ఒక్క మాట అనాలి. ఈ కుక్కను తయారుచేసింది ఈవిడే, చెవి కోసింది ఈవిడ కాదు అని. ఆ మాట విన్నాక నాకు దుప్పట్లయినా ఒకటే, దువ్వెనయినా ఒకటే."

సరే, అనిపిద్దాం అన్నాను. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవగానే పత్రికకు ఉత్తరం టైపు చేశాను. కుక్కల ప్రదర్శనలంటే కుక్కలకు ఇష్టమని చెప్పేది ఎవరు, కప్పు పట్టుకుని ఫోటో దిగేవాళ్లా, తాడుకు కట్టి ఉన్న కుక్కా అని అడిగాను. పెదాలు నాక్కోవడం, ఆవలింతలు, వెనక్కి పడే చెవులు, అక్క చెప్పినవన్నీ ఒక్కటి వదలకుండా రాశాను. చివర్న, అంత ఇష్టమైతే పెద్ద ప్రదర్శన రోజున తాడు విప్పి, గేటు తెరిచి చూపించమని రాశాను. నలుగురిలో ఓడిపోతే గానీ ఆయన నోట అక్కకు కావలసిన మాట రాదని నా లెక్క. సంతకం దగ్గర అక్క పేరే పెట్టాను. అక్క వద్దంది. వద్దంటూనే మూడుసార్లు చదివించుకుంది.

ఆయన గాలానికి తగులుకుంటాడని నాకు తెలుసు. కప్పులున్న మనిషికి ఓర్పుండదు. తర్వాతి వారమే జవాబిచ్చాడు. పనిలోంచి తీసేసిన మనిషి కడుపుమంట ఇది అన్నాడు. ఫైనల్లో దూది మెడ తాడు తనే విప్పుతానన్నాడు. గేటు బార్లా తెరిచి రెండు నిమిషాలు చూడండి, నా దూది రింగు దాటి బయటికొస్తే నేను జన్మలో మళ్లీ రింగులో అడుగు పెట్టను అన్నాడు. ప్రదర్శన జరిపేవాళ్లకు కావలసిందీ అదే, జనం వస్తారు. ఒప్పుకున్నారు.

ఆ పేపరు చూసి బావ ఒక్కడే తల గోక్కున్నాడు. "దూది బయటికొచ్చిందనుకో, నీ కోసం వచ్చినట్టవుతుంది గానీ రింగు ఇష్టం లేక వచ్చినట్టు ఎలా అవుతుంది?" అని అక్కను అడిగాడు.

"ఎందుకొస్తే ఏంటి, వస్తే చాలు" అన్నాను నేను.

"నిన్ను కాదమ్మా లాయరమ్మా, మీ అక్కను అడిగాను."

అక్క, "నేను పిలవను. చెయ్యి కూడా ఊపను. గేటు ఎదురుగా కూర్చుంటాను అంతే. వాడికి ఉండాలనిపిస్తే ఉంటాడు, రావాలనిపిస్తే వస్తాడు" అంది. అంటున్నప్పుడు ఆమె మొహం చూస్తే, రాకపోవడం అనేది ఆమె లెక్కలోనే లేదని తెలిసిపోయింది. బావ, "మీ ఇద్దరి పగలో ఆ మూగజీవాన్ని సాక్షి చేస్తున్నారు" అని వ్యాను తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటకు నాకు కోపమొచ్చింది. నాకు అడ్డం వచ్చే ప్రతి మాటకూ కోపమొస్తుంది లెండి.

ప్రదర్శన ఆటల స్టేడియం లోపల హాల్లో. మధ్యాహ్నానికే కుర్చీలన్నీ నిండిపోయాయి. వెనక గదిలోంచి డ్రయ్యర్ల రొద, జుట్టు స్ప్రే వాసన. మేం పొద్దున్నే వెళ్లి గేటుకు ఎదురుగా మొదటి వరసలో కుర్చీలు పట్టుకున్నాం. కప్పులాయన కొత్త కోటు వేసుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి తల వంచి దండం పెట్టాడు, ఎగతాళిగా. నేనూ పెట్టాను, అంతకంటే వంగి.

దూదిని తెచ్చారు. రెండేళ్లలో ఛాతీ వెడల్పయింది. ఎడమ చెవి కొస దగ్గర చిన్న నొక్కు, జుట్టుతో కప్పేశారు గానీ తెలిసినవాళ్లకు తెలుస్తుంది. అక్క నా మణికట్టు పట్టుకుంది. జడ్జి, కళ్లద్దాల పెద్దావిడ, ఒక్కో కుక్కనూ చూసుకుంటూ వచ్చి చివరికి దూది దగ్గర ఆగింది. మైకులో సంగతి చెప్పారు. గేటు తీశారు. కప్పులాయన వంగి, అందరికీ కనిపించేలా తాడు విప్పి, చేతులు కట్టుకుని మూడడుగులు వెనక్కి వేశాడు.

దూది నిలబడింది. నాలుగు కాళ్లూ కొలిచి పెట్టినట్టు, మెడ నిటారుగా, చెవి కూడా కదల్లేదు. పావు నిమిషం. అర నిమిషం. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. కప్పులాయన మా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. అక్క గోళ్లు నా చేతిలో దిగుతున్నాయి. అది కదలకపోతే అక్క బతుకంతా దుప్పట్లే, ఆయన చెప్పిందే నిజం, నా ఉత్తరం కడుపుమంట. కదలరా, కదలరా తండ్రీ అని లోపల్లోపల తిట్టుకుంటున్నాను ఆ కుక్కను.

అప్పుడు దూది ముక్కు తిరిగింది. గాలి పీల్చింది. తల తిప్పి గేటు వైపు చూసింది. ఒక కాలు ఎత్తి, అనుమానంగా మళ్లీ పెట్టి, తర్వాత నడవడం మొదలెట్టింది. పరుగు కాదు, నింపాదిగా, ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు తివాచీ దాటింది, గేటు దాటింది.

హాలంతా గొల్లున నవ్వింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. "దూదీ, దూదీ కన్నా" అని కప్పులాయన తియ్యగా పిలిచాడు, తర్వాత "ఏయ్, దూదీ" అని గట్టిగా అరిచాడు. అది చెవి కూడా తిప్పలేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, హాలు చివరి దాకా వినిపించేలా, "ఎక్కడికండీ మీ ప్రాణం, ఇంటికేనా?" అని అడిగాను. ఇంకా పెద్దగా నవ్వారు జనం. ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఆ మొహం చూసి నాకెంత హాయిగా అనిపించిందో చెబితే మీరు నన్ను మంచిదాన్ననుకోరు. అనుకోకండి. రెండేళ్లు దాచుకున్న ఆకలి అది, కడుపు నిండా తిన్నాను.

అక్క ఏడుస్తోంది, నవ్వుతోంది. కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్లూని చేతులు చాచింది. "వచ్చావా నాన్నా, రా" అంది.

దూది ఆమెకు రెండడుగుల దూరంలో ఆగింది. ఆమె మొహంలోకి చూసింది. తోక ఒక్కసారి ఊగింది. తర్వాత ముందు కాళ్లు సరిచేసుకుంది. వెనక ఎడమ కాలు కాస్త వెనక్కి జరిపింది, కుడి కాలు దానికి జతగా పెట్టింది. గడ్డం ఎత్తింది. అలా నిలబడిపోయింది, బల్ల మీద నిలబడినట్టు.

జనం చప్పట్లు కొట్టారు, ఇదేదో ముచ్చటనుకుని. అక్క చేతులు చాచే ఉన్నాయి. "చాల్లేరా, ఇక్కడ అక్కర్లేదు, రా" అంది. దూది పెదాలు నాక్కుంది. మెడ ఇంకాస్త నిటారుగా చేసింది. "కూర్చో నాన్నా. కూర్చో" అంది అక్క. అది కూర్చోలేదు. ఆ మాట దానికి తెలియదు. ప్రదర్శన కుక్కలకు కూర్చోవడం నేర్పరు, జడ్జి ముందు ఎక్కడ కూలబడుతుందోనని. ఏ నడిపించేవాళ్లూ నేర్పరు. అక్కా నేర్పలేదు. అక్క దాని నడుము మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి నొక్కింది. ఎక్కడో తప్పు నిలబడ్డాననుకుంది కాబోలు, దూది వెనక కాలు తీసి ఇంకా చక్కగా పెట్టి, ఆవలించింది.

అక్క చెయ్యి తీసేసింది. ఆమె మొహం చూశాక నా నవ్వు ఆగిపోయింది.

కప్పులాయన తాడు చేత్తో పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఆయన వెనకే మైకు పట్టుకున్న మనిషి, పేపరువాళ్లు. ఓడిపోయిన మనిషి, తిడతాడనుకున్నాను, దానికి నా దగ్గర పది జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఆయన దూదిని చూశాడు, అక్కను చూశాడు. ఆయనకూ అర్థమైంది. ఎంతైనా ముప్పై ఏళ్లుగా కుక్కలను చూస్తున్న కళ్లు కదా. మైకు అడిగి తీసుకున్నాడు.

"మాట ప్రకారం నేనిక రింగులోకి రాను" అన్నాడు. "ఇంకో రెండు మాటలు చెప్పాలి. దీని చెవి కోసింది నేను. ఈవిడ కాదు. అబద్ధం చెప్పాను. ఈ కుక్కను తయారుచేసింది మాత్రం నేను కాదు. ఆరు వారాల పిల్లప్పుడే దీన్ని బల్లెక్కించి నిలబెట్టింది ఈవిడే. చూడండి, తాడు లేకపోయినా ఈవిడ ముందు ఎంత బాగా నిలబడిందో. దీనికిష్టమేనా అని ఇప్పుడు ఈవిడ్ని అడగండి."

పేపరువాళ్లు అక్క మీదికి వంగారు. నేను నోరు తెరిచాను. కోర్టు వెనక సందులో ఇరవై ఏళ్లు తగువులు రాసిన ఆ నోరు మూసుకుని మళ్లీ కుర్చీలో కూర్చున్నాను.

అక్క దూదిని చూస్తూనే, "ఆయన చెప్పింది నిజమే. వీడికి ఇలా నిలబడటం నేర్పింది నేనే" అంది.